పియానో ముందు పసివారు

బిడ్డను పియానో తరగతిలో చేర్పించుటకు వచ్చిన తల్లిదండ్రులు నేడు తరచుగా వేయు ప్రశ్న ఒకటి కలదు. అది రాగమును గూర్చినది కాదు, తాళమును గూర్చినదియు కాదు. ‘దీనివలన పిల్లవానికి తెలివి పెరుగునా? లెక్కలు బాగుగా వచ్చునా?’ అని అడుగుదురు. ఈ ప్రశ్న కొత్తదిగా తోచును గాని దీని వంశవృక్షము చాల పాతది. మూడువందల యేండ్లుగా ఐరోపాఖండపు తండ్రులు పసిబిడ్డలను మెట్లముందు కూర్చుండబెట్టి, ఆయా కాలములలో తమకు ప్రియమైన ఫలమేదో దానినే ఆ వాద్యమునుండి కోరుచు వచ్చినారు. ఒకడు దైవభక్తిని కోరినాడు, ఒకడు రాజాదరమును, ఒకడు కీర్తిని, మరియొకడు మంచి పెండ్లిసంబంధమును. బిడ్డకు ఏమి దక్కినదన్న విచారము మాత్రము అరుదుగా జరిగినది. ఆ విచారమే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా వాద్యమును గూర్చి కొంచెము చెప్పవలెను. ఇటలీదేశమున ఫ్లారెన్సు నగరములో మెడీచీ ప్రభువుల కొలువునందుండిన బార్టొలోమియో క్రిస్టొఫోరి అను శిల్పి 1700 ప్రాంతమున దీనిని కల్పించినాడు. అంతకుపూర్వము వాడుకలోనుండిన హార్ప్సికార్డు వాద్యమున మెట్టు నొక్కినచో లోపల చిన్నములుకు తీగెను మీటును. ఎంత బలముగా నొక్కినను నాదము ఒకే తీరున పలుకును. క్రిస్టొఫోరి ములుకునకు బదులు సుత్తి నమర్చినాడు. సుత్తి తీగెను కొట్టి, వెంటనే వెనుకకు జారిపోవును. తీగె స్వేచ్ఛగా మ్రోగును. మెల్లగా తాకిన మెల్లగా, గట్టిగా తాకిన గట్టిగా పలుకును. ‘పియానో’ అన్న పేరునకు ఇటాలియను భాషలో మెల్లగా అనియే అర్థము. ఆయన చేతి వాద్యములు మూడు నేటికిని నిలిచియున్నవి. అందు 1720వ సంవత్సరపుది న్యూయార్కు మ్యూజియమున నున్నది.

పసివారికి ఈ వాద్యము ఏల తగినదన్న ప్రశ్నకు జవాబు ఇందే కలదు. వయొలిను పట్టిన బిడ్డ సరియైన స్వరస్థానమును వెదకుకొనుటకే నెలలు గడపవలెను. వేణువునకు ఊపిరి కావలెను. పియానోలో స్వరము ముందే సిద్ధమై కూర్చున్నది. నాలుగేండ్ల శిశువు వ్రేలు మోపినను శుద్ధమైన స్వరమే పలుకును. వాకిలి ఇంత సులువుగా తెరచుకొనును గాని లోపలి మెట్లు నిటారుగా నుండును. కుడిచేయి ఒక పాట పాడుచుండగా ఎడమచేయి మరియొకటి పాడవలెను. కన్ను ఒకేసారి రెండు వరుసల లిపిని చదువవలెను. చెవి ఆ రెంటిని కలిపి వినవలెను. కాలు క్రింది పాదపీఠమును సమయమెరిగి త్రొక్కవలెను. ఇన్ని పనులు ఏకకాలమున చేయుమని పసిమెదడును అడుగు విద్యలు మనకు ఎక్కువ లేవు.

మెట్ల వాద్యము తెలుగువారికి క్రొత్త గాదు. నాటక సమాజముల పుణ్యమా యని హార్మోనియము మన పల్లెటూళ్ళకు గూడ చేరినది. మాయామాళవగౌళలో సరళీస్వరములను దానిపై వాయించిన పిల్లలు ఎందరో. అదే పాఠమును పియానోపై మొదటి తెల్లమెట్టును షడ్జముగా పెట్టుకొని వాయించినచో, రిషభ ధైవతములకు మాత్రము నల్లమెట్లు తగులును. శంకరాభరణమైనచో నల్లమెట్టు నంటనక్కరయే లేదు. అయితే మెట్టుకును మెట్టుకును నడుమనున్న గమకము ఇందు పలుకదు. ఆ లోపమును ముఖ్యకారణముగా జూపియే అఖిల భారత రేడియో 1940లో హార్మోనియమును బహిష్కరించి, 1971 వరకు దానిని లోనికి రానీయలేదు. మన సంగీతమునకు లోపమైన ఆ గుణమే, రెండు చేతుల సంగీతమునకు బలమైనది. కనుక పియానో కథను దాని పుట్టినయింటనే వినవలెను.

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1720 జనవరి 22వ తేదీన కొయ్‌తెన్ పట్టణములో తన పెద్దకుమారుడు విల్హెల్మ్ ఫ్రీడెమన్‌కై ఒక నోటుపుస్తకమును ప్రారంభించినాడు. అప్పటికి ఆ బాలునకు తొమ్మిదేండ్లు. మొదటి పుటలలో స్వరలిపి సంకేతములు, తరువాత గమకముల వంటి అలంకారముల పట్టిక, ఆ పిమ్మట ఏ స్వరమునకు ఏ వ్రేలో అంకెలతో సూచించిన చిన్నపాఠము. ఇది హార్ప్సికార్డు, క్లావికార్డుల కాలము. పియానో ఇంకను జర్మనీలో అడుగుపెట్టలేదు. ఆ పుస్తకములోనే రెండు గొంతుకలుగా సాగు చిన్నకృతులు పుట్టినవి. 1723లో వాటిని శుభ్రముగా తిరుగ వ్రాసి, వాటి ప్రయోజనమును ముఖపత్రముపై తెలిపినాడు: రెండు గొంతుకలను స్పష్టముగా వాయించుట, పిమ్మట మూడింటిని నిర్వహించుట, మంచి భావములను స్ఫురింపజేసికొని పెంచుట, అన్నిటికిని మించి పాడుచున్నట్లు వాయించుట, రచనాశక్తికి రుచి మరగుట. ఇందు తెలివితేటల ప్రస్తావన లేదు. ఆ పని నేర్చిన బాలుడు స్వయముగా సంగీతము నల్లగలవాడు కావలెనన్న కోరిక మాత్రమే కలదు.

బాఖ్ జీవితచరిత్రను 1802లో ప్రకటించిన ఫోర్కెల్ ఒక ముచ్చట చెప్పినాడు. ఆయన శిష్యులకు నెలల తరబడి వ్రేళ్ళసాధకమే చేయించెడివాడట. ఎవని ఓర్పైన సడలినట్లు కనబడినచో, ఆ సాధకమునే లోపల దాచి అప్పటికప్పుడు ఒక ముద్దైన చిన్నకృతిని వ్రాసి ఇచ్చెడివాడట. చేదుమందును బెల్లములో పెట్టి మ్రింగించు మన అమ్మమ్మల యుక్తియే యిది.

సాల్జ్‌బర్గు నగరమున లియోపోల్డ్ మోజార్ట్ తన కూతురు మరియా ఆన్నాకై 1759లో ఇట్టి పుస్తకమునే కూర్చినాడు. ఇంట ఆమెను నానెర్ల్ అని పిలిచెడివారు; వయసు ఎనిమిదేండ్లు. పుస్తకము అక్కది. తమ్ముడు దానిపై పడినాడు. ఏ పాఠమును వోల్ఫ్‌గాంగ్ ఎన్నడు నేర్చినది తండ్రి అందులోనే గుర్తులు వ్రాసిపెట్టినాడు: 1761 జనవరిలో, ఐదవ పుట్టినరోజునకు కొద్దిదినముల ముందు, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతమున అరగంటలో ఒక పాఠము వచ్చినదని. అటుపిమ్మట 1763 నుండి 1766 వరకు ఆ కుటుంబము ఐరోపా రాజధానులన్నియు తిరిగినది. పిల్లలిద్దరును ప్రభువులముందు వాయించినారు. 1769లో తండ్రి కొడుకును వెంటబెట్టుకొని ఇటలీకి బయలుదేరినప్పుడు పదునెనిమిదేండ్ల నానెర్ల్ ఇంట నుండిపోయినది. ఆ యింట ఇద్దరికిని చెప్పిన పాఠము ఒకటే. ఆ పాఠము తీసికొనిపోయిన దారులు రెండు. ఆమె వివాహమాడి, భర్త పోయిన పిమ్మట 1801లో సాల్జ్‌బర్గునకు తిరిగివచ్చి, పియానో పాఠములు చెప్పుకొనుచు 1829 వరకు జీవించినది. తమ్ముని చరిత్రకారులు ఆమెను సాక్షిగా మాత్రమే పిలిచినారు.

పందొమ్మిదవ శతాబ్దము వచ్చుసరికి పియానో ప్రభువుల కొలువునుండి సామాన్య గృహస్థుల ముందుగదిలోనికి వచ్చినది. వర్తకుని కూతురునకు అది భూషణమైనది. వేలకొలది బాలికలు వాయించుచుండగా బోధన ఒక పరిశ్రమగా మారినది. డబ్లిన్ నగరమున లోజియర్ అను ఉపాధ్యాయుడు 1814లో చేతులను బిగించిపెట్టు ఒక చట్రమునకు పేటెంటు పొందినాడు. దానిలో చేతులుంచిన పిల్లలు పలువురు ఒకేసారి, ఒకే గదిలో, ఒకే పాఠము వాయించెడివారు. వియన్నాలో కార్ల్ చెర్నీ వ్రేళ్ళ సాధకములను సంపుటములుగా వ్రాసి ప్రకటించినాడు. నేటికిని ఆ పేరు విన్నంతనే మొగము చిట్లించు పిల్లలు లోకమంతట గలరు. నా మాటగా చెప్పవలెనన్న, చెర్నీకి ఇందు కొంత అన్యాయము జరిగినది. 1822లో ఆయనయొద్దకు లిస్ట్ అను హంగేరీ బాలుని తీసికొని వచ్చినారు. పాలిపోయిన మొగము, వాయించునప్పుడు మత్తెక్కినవానివలె పీటపై ఊగుట, వ్రేళ్ళకు క్రమమనునది లేదు. ఆ బాలునకు లయయు, వ్రేళ్ళ క్రమమును నేర్పి, చెర్నీ అందులకు రుసుము పుచ్చుకొనలేదు. లిస్ట్ పెద్దవాడై తన కష్టతమములైన సాధకకృతులను గురువునకే అంకితమొసగినాడు.

ఇదే చెర్నీకి బీథోవెన్ 1817 ప్రాంతమున వ్రాసిన లేఖ ఒకటి నేటి ఉపాధ్యాయులును చదువదగినది. బీథోవెన్ తమ్ముని కొడుకు కార్ల్ అప్పుడు చెర్నీయొద్ద నేర్చుకొనుచుండెను. వ్రేళ్ళు కుదిరి, లయ కుదిరి, స్వరములు దాదాపు తప్పులేకుండ వచ్చిన పిమ్మట చిన్నతప్పులకు బాలుని నడుమ ఆపవద్దనియు, కృతి ముగిసిన తరువాతనే వాటిని చెప్పవలసినదనియు ఆ లేఖ సారాంశము. ఆ విధముగనే సంగీతజ్ఞులు తయారగుదురని ఆయన నమ్మకము. కోపిష్ఠి యని పేరుపడిన మనుష్యుడు బిడ్డపై ఇంత ఓర్పు చూపుమనుట వింతయే.

ఇక అందరికంటె విచారింపదగిన తండ్రి ఫ్రీడ్రిష్ వీక్. లైప్సిగ్ నగరమున పియానోల వ్యాపారము, సంగీతబోధన చేయుచుండినవాడు. వేదాంతశాస్త్రము చదివి, కొంతకాలము ధనికులయిండ్ల పిల్లలకు చదువు చెప్పి, పెస్టలోజీ మొదలగువారి శిశువిద్యా సిద్ధాంతములను పట్టించుకొన్నవాడు. 1819లో పుట్టిన కూతురు క్లారాకు నాలుగేండ్లు నిండువరకు మాటలు రాలేదు. చెవుడేమోయని ఇంటివారు శంకించినారు. ఐదవయేట తండ్రి పాఠము ప్రారంభించినాడు. లిపిని చూపలేదు. తానే చిన్నచిన్న పాఠములు కల్పించి, చెవితో విని, చేతితో పట్టుకొనునట్లు చేసినాడు. లిపి పిమ్మట వచ్చినది. బిడ్డ భాష నేర్చునది ముందు వినియే గదా, అక్షరములు తరువాత గదా! మన గురువులయొద్ద పాఠము వల్లెవేసిన పద్ధతికి ఇది దగ్గర చుట్టము. ఒక గంట పాఠము, రెండుగంటల సాధకము, అంతకుమించి కాదు; ప్రతిదినము ఆరుబయట నడక తప్పదు. 1828 అక్టోబరులో తొమ్మిదేండ్ల క్లారా లైప్సిగ్ గెవాండ్‌హౌస్ సభామందిరమున తొలిసారి వాయించినది.

ఇంతవరకు విన్న ఉపాధ్యాయులు వీక్‌ను మెచ్చుకొందురు. అయితే రెండవ ప్రక్కను గూడ చూడవలెను. క్లారాకు ఒక దినచర్య పుస్తకము ఉండెను. దానిని 1827 నుండి తండ్రియే, కూతురు పేర, ‘నేను’ అని వ్రాసెడివాడు. బిడ్డ చేతులను తీర్చిదిద్దినవాడు ఆమె మాటను గూడ తానే పలికినాడు. ఆ యింట శిష్యుడై నివసించిన రాబర్ట్ షూమన్ 1831లో తన దినచర్యలో చూచినది వ్రాసుకొన్నాడు: క్లారా తమ్ముడు ఆల్విన్ వయొలిను సరిగా వాయింపలేదని తండ్రి వానిని క్రిందపడవేసి జుట్టుపట్టి లాగుచుండెనట; క్లారా చిరునవ్వుతో పియానోముందు కూర్చుండి తన పాఠము వాయించుకొనుచుండెనట. ఆ చిరునవ్వు నాకు ఆ కొట్టుటకంటె భయంకరముగా తోచును. పదునొకండేండ్ల పిల్ల ఎంత నేర్చుకొన్నది! అందు పియానో ఎంత, ఆత్మరక్షణ ఎంత?

తరువాతి కథ సుప్రసిద్ధము. క్లారా షూమన్‌ను వరించినది, తండ్రి అడ్డుపడినాడు, వ్యవహారము న్యాయస్థానమునకు పోయినది, 1840 సెప్టెంబరు 12న వివాహము జరిగినది. 1856లో భర్త మరణించిన పిమ్మట బిడ్డల భారమంతయు ఆమెపై పడగా, తండ్రి నేర్పిన విద్యయే అన్నము పెట్టినది. 1891 వరకు ఆమె సభలలో వాయించినది. ఫ్రాంక్‌ఫర్టు సంగీతకళాశాలలో పదునాలుగేండ్లు బోధించినది. వీక్ చేసినది మంచియా చెడ్డయా యని ఒక్కమాటలో తేల్చువారితో నేను ఏకీభవింపలేను.

షూమన్‌కు స్వయముగా పియానో వాద్యకారుడు కావలెనని కోరిక. 1832 ప్రాంతమున కుడిచేయి చెడి ఆ ఆశ అడుగంటినది. వ్రేళ్ళబలమునకై వాడిన ఒక యంత్రమే అందులకు కారణమని చెప్పువారు గలరు. రోగమని వాదించువారు గలరు. ఏమైనను, యంత్రమువలె వ్రేళ్ళను తోముటపై ఆయనకు గురి పోయినది. 1848లో పెద్దకూతురు మేరీ ఏడవ పుట్టినరోజునకు బహుమానముగా కొన్ని చిన్నకృతులు వ్రాసినాడు. పాఠములలో పిల్లలకు చెప్పు కృతులు మరీ నాసిరకమైనవి కావున మంచివి తానే వ్రాయదలచినాడని క్లారా తెలిపినది. ఆ కానుకయే పెరిగి నలుబదిమూడు కృతుల ‘బాలల సంపుటి’ యైనది. సంతోషముగా పొలమునుండి యింటికి మరలు రైతు, కొయ్యగుఱ్ఱముపై దౌడుతీయు పిల్లవాడు, తొలిసారి కలిగిన దుఃఖము, ఇవి అందలి విషయములు. బిడ్డ మనసులో ఏమి జరుగునో దానికి సంగీతమున చోటిచ్చిన తొలిగ్రంథములలో ఇది ముఖ్యమైనది. దానికి తోడుగా ఆయన కొన్ని సూచనలను గూడ ప్రకటించినాడు. చెవికి శిక్షణమే అన్నిటికంటె ప్రధానమని అందు మొదటిమాట. గంట మ్రోగినను, కిటికీ అద్దము మ్రోగినను, కోకిల కూసినను అది ఏ స్వరమో కనిపెట్టుమని బాలలకు చెప్పినాడు. నాదము రాని మూగమెట్లపై సాధకము చేయుట వ్యర్థమని ఆయన మతము.

మన కాలమునకు వచ్చినచో, ఆశించు ఫలము మారినది. 1993లో అమెరికాదేశపు పరిశోధకులు ముగ్గురు ‘నేచర్’ పత్రికలో ఒక చిన్నవ్యాసము ప్రకటించినారు. మోజార్ట్ రెండు పియానోలకు వ్రాసిన కృతిని పది నిమిషములు విన్న ముప్పదియారుగురు కళాశాల విద్యార్థులు ఆకారములను ఊహించు పరీక్షలో కొంత మెరుగుగా చేసినారనియు, ఆ ఫలితము పావుగంటకు మించి నిలువలేదనియు అందలి విషయము. అందు శిశువు లేడు, పాఠము లేదు. అయినను ‘మోజార్ట్ వినిన పిల్లలు తెలివిగలవారగుదురు’ అని లోకమంతట పుకారు పుట్టినది. 1998లో జార్జియా రాష్ట్రపు గవర్నరు పుట్టిన ప్రతి శిశువునకు సంగీతపు సీడీ పంచుటకు పూనుకొన్నాడు.

నిజముగా పాఠము చెప్పి చూచినవారును గలరు. కెనడాలో షెలెన్‌బర్గ్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు ఆరేండ్ల పిల్లలను 144 మందిని నాలుగు జట్లుగా విభజించి, ఒకజట్టుకు మెట్లవాద్యము, ఒకదానికి గాత్రము, ఒకదానికి నాటకము ఒక విద్యాసంవత్సరము నేర్పించి, నాలుగవ జట్టును ఊరక విడిచినాడు. 2004లో ప్రకటించిన ఫలితము: బుద్ధిపరీక్షలో అందరును పెరిగినారు, సంగీతము నేర్చినవారు సగటున ఏడు అంకెలు, తక్కినవారు నాలుగు చిల్లర. తేడా కలదు గాని చిన్నది. తోడివారితో మెలగు నేర్పు నాటకపుజట్టునకే ఎక్కువగా వచ్చినది! 2009లో హైడ్ మొదలగువారు, పదునైదు నెలలు మెట్లవాద్యము నేర్చిన చిన్నపిల్లల మెదడులను చిత్రములు తీసి చూచి, చేతులను నడపు భాగములందును, వినుటకు సంబంధించిన భాగములందును మార్పు కనుగొన్నారు. వ్రేళ్ళ నైపుణ్యమును, స్వరలయలను గుర్తించు శక్తియు పెరిగినవి. ఇతర విద్యలలో అట్టి అధిక్యము కనబడలేదు. 2020లో సాలా, గోబే అను ఇద్దరు 54 పరిశోధనలను, దాదాపు ఏడువేలమంది పిల్లలను లెక్కలోనికి తీసికొని, కట్టుదిట్టముగా జరిపిన పరీక్షలలో చదువునకు గాని బుద్ధికి గాని కలుగు లాభము సున్నకు దగ్గరగా నున్నదని తేల్చినారు. దీనిని కాదనువారును గలరు, వివాదము సమసిపోలేదు.

కావున లెక్కలకొరకే పియానో నేర్పదలచిన తల్లిదండ్రులు ఆ సొమ్ముతో లెక్కల మేష్టరును పెట్టుకొనుట మేలు. ఇది హాస్యమునకు చెప్పుట లేదు. మార్కులు పెరుగుటలేదని ఆరునెలలకే పాఠము మానిపించిన పిల్లలకు, చెవి అప్పుడప్పుడే తెరచుకొనుచుండును. పాఠము మానిన నష్టము మార్కుల పట్టికలో కనబడదు గనుక దానిని ఎవరును లెక్కింపరు. వ్రేళ్ళు, చెవి, ఒక కష్టమైన పుటను ముక్కలుగా విడదీసి వారమునకు స్వాధీనము చేసికొను అలవాటు, ఇవి పియానో నిక్కముగా ఇచ్చునవి. బాఖ్ వ్రాసిన ముఖపత్రమును పరిశోధకుల ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో అవి పెద్దగా విభేదింపవు.

హంగేరీ సంగీతకర్త బేలా బార్టోక్ రెండవ కుమారుడు పీటర్ 1924లో పుట్టినాడు. 1933లో తండ్రి వానికి పియానో చెప్పుటకు అంగీకరించినాడు. మొదటి పాఠములలో పియానో లేదు, పాట మాత్రమే. పిమ్మట ఒక్కొక్క వ్రేలును స్వతంత్రముగా నడపు సాధకములు. నడుమ నడుమ తండ్రి ‘కొంచెము ఆగు’ అని తన బల్లయొద్దకు పోయెడివాడు. గదిలో కలము గీచుకొను చప్పుడు తప్ప మరేమియు వినబడెడిది కాదు. కొన్ని నిమిషములకు ఆ పిల్లవానికొరకే వ్రాసిన క్రొత్తపాఠముతో తిరిగి వచ్చెడివాడు. ఈ సంగతి పీటరే పెద్దవాడైన తరువాత వ్రాసినాడు. అట్లు చేరిన చిన్నకృతులును, 1926 నుండి వ్రాసినవియు కలిసి 153 కృతుల ‘మైక్రోకాస్మస్’ యైనవి. 1940లో ఆరు సంపుటములుగా అచ్చుపడినవి. మొదటి రెండును పీటర్‌కు అంకితములు. తాను నేర్చుకొనుదానికంటె వేగముగా తండ్రి వ్రాయుచుండెడివాడనియు, అందుచేత తాను వెనుకబడిపోయితిననియు పీటర్ చెప్పుకొన్నాడు. వెనుకబడినందుకు తండ్రి తొందరపెట్టలేదు. పాఠములు తమ దారిని తాము కష్టతరములై సాగినవి.

పీటర్ వాద్యకారుడు కాలేదు. 1942లో అమెరికా చేరి, కొంతకాలము నౌకాదళమున పనిచేసి, ధ్వనిముద్రణ విద్యలో నిపుణుడైనాడు. తండ్రి 1945లో న్యూయార్కున మరణించిన పిమ్మట ఆయన కృతులను రికార్డులపైకి ఎక్కించుటకు ఒక సంస్థను నెలకొల్పి, వాద్యమునకు ఎంత దూరమున మైకు పెట్టవలెనో, ఏ గదిలో ఏ నాదము ఎట్లు పలుకునో చెవితో తూచి నిర్ణయించుటయే వృత్తిగా చేసికొన్నాడు. 2020లో, తొంబదియారేండ్ల వయసున, మరణించినాడు.